శాంటా క్రూజ్ లూపింగ్ ఫెస్టివల్‌కి వెళ్లాలని ఉంది, ఎవరైనా వెళ్లొచ్చారా?

గుంటూరు_వయొలిన్ | ఆగస్టు 9, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మా అక్క శాన్‌హోజేలో ఉంటుంది. అక్టోబరు చివర్లో పురుడు. అమ్మ ఒక్కతే దోహాలో విమానం మారాలంటే నాన్నకి భయం, అందుకని నన్ను తోడు పంపుతున్నారు. ఇద్దరికీ విజిటర్ వీసాలు వచ్చేశాయి.

అసలు సంగతి ఇది. నేను కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, పిల్లలకి పాఠాలు చెబుతాను, పెళ్లిళ్ల సీజన్‌లో ఒక ఫ్యూజన్ బ్యాండ్‌తో తిరుగుతాను. రెండేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో బాస్ కంపెనీ ఆర్‌సీ-1 లూప్ పెడల్ కొన్నాను. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. శాన్‌హోజేకి దగ్గర్లో శాంటా క్రూజ్ అనే ఊళ్లో అక్టోబరులో లైవ్ లూపింగ్ ఫెస్టివల్ జరుగుతుందని, వై2కే లూప్‌ఫెస్ట్ అంటారని ఈమధ్యే తెలిసింది. ఎవరైనా వెళ్లారా? అక్కడ నేను వాయించే వీలుంటుందా? వయొలిన్, పెడల్ పట్టుకెళ్లనా? అక్కని ఆ టైంలో వదిలి వెళ్తానంటే అమ్మ ఊరుకుంటుందా అన్నది మీరు చెప్పలేరు, మిగతావి చెప్పండి.

గోదారి_మృదంగం | ఆగస్టు 10, ఉదయం 6:15

తమ్ముడూ, తెలియక అడుగుతున్నాను. లూపింగ్ అంటే ముందు రికార్డు చేసుకున్నది వెనకాల పెట్టి దాని మీద వాయించడమేగా? మా రాజమండ్రిలో ఆర్కెస్ట్రా వాళ్లు పెన్‌డ్రైవ్ పెట్టి ఇదే చేస్తున్నారు. దానికి అమెరికాలో పండగ దేనికి?

బీట్‌బాక్స్_వైజాగ్ | ఆగస్టు 10, ఉదయం 9:02

అన్నా, పెన్‌డ్రైవ్ కాదు! స్టేజి ఎక్కేటప్పటికి మెషీన్ ఖాళీగా ఉండాలి. నేను నోటితో ఒక కిక్, ఒక స్నేర్ (డ్రమ్ము చప్పుళ్లు) వేస్తాను, కాలితో పెడల్ నొక్కుతాను, అది తిరగడం మొదలవుతుంది. దాని మీద బేస్, దాని మీద పాట. అన్నీ జనం ముందే పుడతాయి. 2004లో కేటీ టన్‌స్టాల్ అనే స్కాట్లండ్ గాయని బీబీసీ టీవీలో ఒక గిటార్, ఒక అకాయ్ పెడల్‌తో ఒక్కతే వాయించింది, అది చూశాకే సగం ప్రపంచానికి లూప్ పెడల్ అంటే ఏంటో తెలిసింది. ఎడ్ షీరన్ స్టేడియంలో ఒక్కడే నిలబడి చేసేది కూడా ఇదే.

తప్పు వేస్తే ఆ తప్పు కూడా తిరుగుతూనే ఉంటుంది. అదీ టెన్షన్.

గోదారి_మృదంగం | ఆగస్టు 10, ఉదయం 9:40

అలాగైతే కొంచెం నయమే. కానీ నాకు నచ్చనిది వేరే ఉంది. కచేరీలో కాలప్రమాణం, అంటే లయ నడిచే వేగం, ఊపిరి లాంటిది. పల్లవిలో ఒకలా ఉంటుంది, స్వరకల్పనలో వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది, ఆ జరగడాన్ని పాడేవాళ్లూ మేమూ కలిసి పట్టుకుంటాం. మెషీన్ మన మాట వినదు, మనమే దాని మాట వినాలి. ఎప్పటికీ ఒకడే మాట్లాడే సంభాషణ అది.

వెన్నెల_ఫ్రీమాంట్ | ఆగస్టు 10, రాత్రి 11:55

గుంటూరు తమ్ముడూ, నేను రెండుసార్లు వెళ్లాను. వరసగా చెబుతాను.

రిక్ వాకర్ అనే శాంటా క్రూజ్ డ్రమ్మర్ మొదలుపెట్టిన పండగ ఇది. నేను వెళ్లిన రెండుసార్లూ సీబ్రైట్ ఎవెన్యూలో పసిఫిక్ కల్చరల్ సెంటర్‌లో జరిగింది. పెద్ద స్టేడియం, లైట్లు, వీఐపీ పాసులు ఊహించుకోకు. మన త్యాగరాయ గానసభకన్నా చిన్న హాలు. మధ్యాహ్నం మొదలై రాత్రి పొద్దుపోయేదాకా ఒకరి తర్వాత ఒకరు. ఒక్కొక్కరికీ అరగంటలోపే. ఒకరు గిటార్, ఒకరు గొంతు, ఒకరు బొమ్మల్ని తట్టి చప్పుడు చేసేవాళ్లు. జపాన్ నుంచి, జర్మనీ నుంచి వచ్చినవాళ్లు సామాన్లు విప్పుకుంటుంటే పక్కన ఇంకొకరు వాయిస్తూ ఉంటారు. నచ్చనిదొచ్చినా ఇరవై నిమిషాలు ఓర్చుకుంటే చాలు. అన్నీ నచ్చుతాయని మాత్రం అనుకోకు. నేను విన్నవాటిలో మూడోవంతు నాకు కడుపులో తిప్పింది, నిజం.

వాయించే సంగతి. నువ్వు పాఠాలు చెప్పి, పెళ్లిళ్లలో వాయించి సంపాదిస్తున్నావు, అంటే వృత్తి కళాకారుడివి. విజిటర్ వీసా మీద స్టేజి ఎక్కకు. డబ్బు తీసుకోకుండా సరదాకి పాల్గొనే అమెచ్యూర్లకి ఆ వీసాలో సడలింపు ఉంది, నువ్వు ఆ లెక్కలోకి రావు. పురుటికని వచ్చి గొడవలో పడకు. వెళ్లి కూర్చుని విను.

దారి: శాన్‌హోజే డిరిడాన్ స్టేషన్ నుంచి హైవే 17 ఎక్స్‌ప్రెస్ అని బస్సు ఉంది. దూరం 50 కిలోమీటర్లే, కానీ కొండల్లో మెలికల దారి. శ్రీశైలం ఘాట్ గుర్తొస్తుంది, కాకపోతే ఇక్కడ అందరూ గంటకి 80 మీద పోతుంటారు. కుడిచేతి కిటికీ పక్కన కూర్చున్నా ఎడమచేతి పక్కన కూర్చున్నా కడుపు పట్టుకోవాల్సిందే. తిరుగు ఆఖరి బస్సు టైం ముందే చూసుకో. స్వెటర్ తప్పనిసరి, సాయంత్రం సముద్రం మీంచి పొగమంచు వస్తుంది. పసిఫిక్ కదా అని నీళ్లలో దిగుతానని వెళ్లకు, కాళ్లు కొంకర్లు పోతాయి.

గుంటూరు_వయొలిన్ | ఆగస్టు 11, ఉదయం 7:20

అక్కా, చాలా థాంక్స్. వీసా సంగతి చదివి కాసేపు నీరసం వచ్చింది. సరే, వినడానికే వెళ్తాను. వయొలిన్ తేను. పెడల్ మాత్రం తెస్తాను, అక్కవాళ్లింట్లో గొంతుతో ఆడుకోవచ్చు.

గోదారి అన్నా, మీరన్నది నాకూ ఉన్న ఇబ్బందే. ఆది తాళంలో ఒక ఆవర్తనం (ఎనిమిది అక్షరాల చుట్టు) వాయించి సమం మీద, అంటే తాళం మళ్లీ మొదలయ్యే చోట, పెడల్ నొక్కుతాను. కాలు ఒక వీసం ఆలస్యమైనా లూప్ కుంటుతుంది. ఇంకోటి, శ్రుతిపెట్టె తంబురా చప్పుడుని లూప్ చేస్తే ప్రతి చుట్టు చివరా "టక్" అని అతుకు వినిపిస్తుంది. దీనికి ఎవరి దగ్గరైనా మందు ఉందా?

టేపుతాత | ఆగస్టు 11, మధ్యాహ్నం 3:30

అబ్బాయీ, నేను ఆకాశవాణిలో ఇంజనీరింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. నీ "టక్" నాకు నలభై ఏళ్ల నాటి స్నేహితుడు.

మేం పావు అంగుళం టేపుని బ్లేడుతో కోసి అతికించేవాళ్లం. నిట్టనిలువుగా కోస్తే అతుకు దగ్గర టక్ మంటుంది, ఎందుకంటే ఒక ధ్వని ఉన్నపళాన ఆగి ఇంకోటి ఉన్నపళాన మొదలవుతుంది. అందుకే 45 డిగ్రీల ఏటవాలుగా కోసేవాళ్లం. సెకనుకి ఏడున్నర అంగుళాల వేగంలో ఆ ఏటవాలు కోత, టేపుని చదివే హెడ్ ముందు నుంచి దాటడానికి సెకనులో ముప్ఫయ్యో వంతు పడుతుంది. ఆ కాస్త సేపట్లో పాతది తగ్గుతూ కొత్తది పెరుగుతూ కలిసిపోతాయి. ఇప్పుడు మీరు క్రాస్‌ఫేడ్ అంటున్నది అదే, బ్లేడు లేదంతే.

నీ పెడల్‌లో ఆ వీలు లేకపోతే తంబురాని అసలు లూప్‌లో పెట్టకు, పక్కన విడిగా మోగనీ. దానికింకో కారణం ఉంది. తంబురా మీటుకి తాళంతో సంబంధం లేదు. నువ్వు ఎనిమిది అక్షరాల దగ్గర కోస్తే నాలుగు తీగల మీటు మధ్యలో తెగుతుంది. తంబురా తాళం లేకుండా ఉండాలనేగా మనవాళ్లు పెట్టుకున్నది.

ఇక చరిత్ర సంగతి. ఈ విద్య పెడళ్లతో పుట్టలేదు. 1963లో పారిస్‌లో టెరీ రైలీ అనే అమెరికన్ సంగీతకర్త, అక్కడి రేడియో ఇంజనీరు సాయంతో రెండు టేప్ రికార్డర్లు పక్కపక్కన పెట్టి ఒకే టేపుని రెండిటి గుండా నడిపించాడు. మొదటిది రికార్డు చేస్తుంది, టేపు నడిచి వెళ్లి రెండోదాని దగ్గర వినిపిస్తుంది, ఆ వినిపించింది మళ్లీ మొదటిదాంట్లోకి వస్తుంది. ఎంత ఆలస్యం కావాలంటే అంత దూరం జరపడమే. సెకనుకి 19 సెంటీమీటర్ల లెక్కన ఐదు సెకన్లకి 95 సెంటీమీటర్లు. తర్వాత పదేళ్లలోపే రాబర్ట్ ఫ్రిప్, బ్రయాన్ ఈనో అనే ఇంగ్లండ్ సంగీతకారులు రెండు రీవాక్స్ టేప్ రికార్డర్లతో ఇదే చేసి పేరు తెచ్చుకున్నారు.

రైలీ గురించి మీకు నచ్చే ముక్క ఒకటి. ఆయన 1970లో హిందుస్తానీ గాయకుడు, కిరానా ఘరానా పండిట్ ప్రాణ్‌నాథ్ శిష్యుడయ్యాడు. తంబురా పట్టుకుని ఏళ్ల తరబడి పక్కన కూర్చున్నాడు. కాబట్టి గోదారి బాబూ, ఇది మనకి మరీ పరాయి వ్యవహారమేం కాదు.

గోదారి_మృదంగం | ఆగస్టు 11, సాయంత్రం 5:10

మాస్టారూ, నమస్కారం. ఏటవాలు కోత సంగతి బాగుంది. రైలీ సంగతీ బాగుంది. కానీ ఆయన తంబురా దగ్గర కూర్చున్నాడు, మృదంగం దగ్గర కాదు. నా అభ్యంతరం అలాగే ఉంది. :)

బీట్‌బాక్స్_వైజాగ్ | ఆగస్టు 11, రాత్రి 8:45

నా డౌట్ ఒకటి. కర్ణాటక రాగాలు లూప్‌లో పొరలు పొరలుగా వేస్తే బాగుంటాయా? మా ఫ్రెండ్ తోడి ట్రై చేశాడు. పిల్లులు కొట్టుకున్నట్టు ఉంది.

గుంటూరు_వయొలిన్ | ఆగస్టు 12, ఉదయం 6:50

తోడి అయితే అంతే మరి. గాంధారం ఊగుతూ ఉంటుంది. ఒక పొరలో ఒకలా ఊగుతుంది, రెండో పొరలో ఇంకోలా ఊగుతుంది, మూడోసారికి అది గాంధారమో కాదో ఎవరికీ తెలియదు. సహాన, ఆనందభైరవి కూడా పెట్టుకోవద్దు. స్వరం నిలిచి ఉండే రాగాలు కావాలి. మోహన, హంసధ్వని, హిందోళం, శుద్ధసావేరి హాయిగా కూర్చుంటాయి. నేను చేసేది: అడుగు పొరల్లో గమకం, అంటే ఊపు, లేకుండా సాదా స్వరాలు, అవీ సా-పా చుట్టూనే (పా లేని హిందోళంలో సా-మా). గమకాలన్నీ పై పొరలో, దాన్ని రికార్డు చేయను. రికార్డు చేస్తే రెండో చుట్టుకి గమకం గమకంలా ఉండదు, తలుపు కిర్రుమన్నట్టు ఉంటుంది. ఒకే గమకం అచ్చు గుద్దినట్టు రెండుసార్లు వినడం మన చెవికి అలవాటు లేదు.

గోదారి_మృదంగం | ఆగస్టు 12, ఉదయం 7:05

ఇప్పుడు నువ్వే నా మాట చెప్పావు.

మోడరేటర్ | ఆగస్టు 14

పెడళ్ల ధరల మీద వచ్చిన ఆరు పోస్టుల్ని "కొనుగోలు–అమ్మకం" విభాగానికి మార్చాం. ఇక్కడ విషయం మీదే మాట్లాడండి.

వెన్నెల_ఫ్రీమాంట్ | సెప్టెంబరు 20, రాత్రి 10:10

తమ్ముడూ, బయలుదేరేముందు పెడల్ అడాప్టర్ చూసుకో. ఇక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అడాప్టర్ మీద "ఇన్‌పుట్ 100-240" అని ఉంటే ప్లగ్గు మార్చే పిన్ను చాలు. 230 అని మాత్రమే ఉంటే తేవద్దు, ఇక్కడ 9 వోల్టులది కొనుక్కో, మధ్య పిన్ను నెగెటివ్ ఉండాలి. పవర్‌బ్యాంకు చేతిసంచీలో పెట్టుకో, చెక్-ఇన్ పెట్టెలో వేస్తే తీయించేస్తారు. అమ్మగారి పచ్చళ్ల సంగతి నేను చెప్పక్కర్లేదనుకుంటా.

గుంటూరు_వయొలిన్ | సెప్టెంబరు 21, ఉదయం 6:30

పచ్చళ్లకి నాలుగు కవర్లు చుట్టి, పైన స్టీలు డబ్బా పెట్టారు. అడాప్టర్ 230దే. వదిలేస్తున్నాను.

గుంటూరు_వయొలిన్ | అక్టోబరు, శాన్‌హోజే నుంచి, రాత్రి 1:20

వెళ్లొచ్చాను. నిద్ర పట్టడం లేదు, రాసేస్తాను.

పొద్దున్నే అమ్మ పులిహోర కట్టిచ్చింది. "అక్కకి నొప్పులొస్తే ఫోన్ చేస్తా, ఎత్తకపోతే చంపుతా" అని కూడా కట్టిచ్చింది. డెలివరీకి ఇంకా పది రోజులుంది కదా అని బావ ధైర్యం చెప్పి స్టేషన్ దగ్గర దించాడు. వెన్నెల అక్క చెప్పిన మెలికలు నిజం. దారి పొడవునా రెడ్‌వుడ్ చెట్లు, మెడ వెనక్కి వాల్చినా కొస కనపడలేదు.

హాల్లో ముందు అరగంట నాకేం అర్థం కాలేదు. ఒకాయన సీసాలో గాలి ఊది దాన్ని లూప్ చేశాడు. ఒకావిడ గిటార్ తీగలకి ఏవో క్లిప్పులు తగిలించింది. వాయించే వాళ్లకన్నా నేల మీద పెడళ్ల వైపే నా చూపు. ఎవరి దగ్గర ఏ మోడల్, ఎన్ని ట్రాకులు, ఇదే గోల. నాలుగో ఆర్టిస్టు వచ్చేసరికి విసుగొచ్చి కళ్లు మూసుకున్నాను. అప్పుడు వినపడింది.

చెలో. ముందు ఐదు అక్షరాల లూప్ ఒకటి వేశాడు, తీగ మీటుతూ. దాని మీద విల్లుతో ఇంకొకటి, కానీ ఆ రెండోది మొదటిదానికి కట్టుబడి లేదు, దాని దారి దానిదే. నాకు తెలియకుండానే చెయ్యి తొడ మీదకి పోయింది. ఖండం ఒకటి, మిశ్రం ఒకటి! ఐదు, ఏడు. అంటే 35 అక్షరాలకి రెండూ కలవాలి. లెక్కపెట్టాను. 33, 34... కలిశాయి. మళ్లీ విడిపోయాయి. మళ్లీ 35. మూడోసారి కలిసే చోట నేను అరచేత్తో గట్టిగా చప్పట వేశాను, పక్కన కూర్చున్న పెద్దావిడ ఉలిక్కిపడింది.

ఆవిడకి డెబ్భై పైనే ఉంటాయి. విరామంలో "ఇందాక నీ వేళ్లతో ఏం చేస్తున్నావు?" అని అడిగింది. చిటికెనవేలు నుంచి లెక్కపెట్టడం చూపించాను. ఆ తర్వాత రెండు సెట్లలోనూ ఆవిడ తొడ మీద వేళ్లు ముడుస్తూనే ఉంది. తప్పు లెక్కే, కానీ శ్రద్ధగా.

గోదారి అన్నా, నాకు ఆ నిమిషంలో మీరే గుర్తొచ్చారు. మెషీన్ మన మాట వినదు, ఒప్పుకుంటాను. కానీ ఒకదాని మాట ఒకటి వినని రెండు మెషీన్లు 35 దగ్గర కలుసుకుంటుంటే, అది ముక్తాయింపు లెక్క కాక మరేంటి? మిశ్రచాపు ఏడు, ఆది ఎనిమిది, రెండూ 56కి కలుస్తాయి. మనం వాయించి చూద్దాం.

ఇంకా ఉంది, అక్క పిలుస్తోంది. పొద్దున రాస్తాను.

టేపుతాత | మరుసటి రోజు, ఉదయం 10:00

ఆ చెలో ఆయన చేసిందానికి కూడా తాతలున్నారు. స్టీవ్ రైక్ అనే అమెరికన్ సంగీతకర్త 1964లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక వీధి ప్రబోధకుడి గొంతు రికార్డు చేసి, 1965లో ఒకేలాంటి రెండు టేపు లూపులు రెండు మెషీన్ల మీద పెట్టాడు. ఏ రెండు మెషీన్లూ అచ్చంగా ఒకే వేగంతో తిరగవు. మెల్లగా ఒకదాన్నుంచి ఒకటి ఎడంగా జరిగాయి. ఆ ఎడమే సంగీతం అయింది. మేం ఆకాశవాణిలో ఆ ఎడాన్ని లోపం అని రిపోర్టు రాసేవాళ్లం!

గోదారి_మృదంగం | అదే రోజు, ఉదయం 10:25

35 దగ్గర నిజంగా సమం పడిందా, లేక నువ్వు ఉత్సాహంలో అన్నావా?

గుంటూరు_వయొలిన్ | అదే రోజు (ఇక్కడ రాత్రి), 10:50

పడింది అన్నా. అమ్మ తోడు. మొదటిసారి సూది బెజ్జమంత తేడా. రెండోసారికి ఆయన ఏదో నాబ్ తిప్పాడు, తర్వాత నికరంగా పడింది.

మిగతాది. సాయంత్రం బయట మెట్ల దగ్గర ఒక ముసలాయన తన సామాను సర్దుకుంటున్నాడు. అందులో ఎకోప్లెక్స్ డిజిటల్ ప్రో అనే పాత లూపింగ్ మెషీన్! 1990ల నాటిది, మట్టియాస్ గ్రోబ్ అనే స్విస్ ఆయన ఆలోచన. ర్యాకులో పెట్టే పెట్టె, దానికో కాలి పలక. మొత్తం జ్ఞాపకం నిండా పోసుకున్నా 198 సెకన్లే. ఇవాళ్టి పెడల్ దాన్ని నవ్వుతూ మింగేస్తుంది. కానీ వాళ్లు దాన్ని ఎంత మురిపెంగా చూస్తారో! నేను అడక్కుండానే మైకు చేతికిచ్చి పాడమన్నాడు. స్టేజి కాదు, జనం లేరు, వెన్నెల అక్క కోప్పడొద్దు.

మోహనలో ఒక ఆవర్తనం స్వరం పాడి కాలు నొక్కాను. కొత్త పలక కదా, కాలు ఆలస్యమైంది. ఎనిమిది అక్షరాలూ పావూ. తిరగడం మొదలెట్టింది, కుంటి ఎద్దులాగా. సిగ్గుతో చెరిపేయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఫీడ్‌బ్యాక్ అని రాసి ఉన్న నాబ్ కొంచెం కిందికి తిప్పి, "పాడుతూనే ఉండు" అన్నాడు.

అంటే ఏంటంటే, నా ఆర్‌సీ-1లో ఒకసారి వేసిన పొర నేను చెరిపేదాకా అదే జోరుగా మోగుతుంది. దీంట్లో ప్రతి చుట్టుకీ పాతది కాస్త కాస్త తగ్గుతుంది. నేను కొత్తది కలుపుతూ పోయాను, పాత కుంటుడు చుట్టుచుట్టుకీ పలచబడింది. ఏడెనిమిది చుట్లకి నా మొదటి స్వరాలు ఎక్కడో పక్కింట్లో పాడుతున్నట్టు వినిపించాయి. తర్వాత లేవు. రెండేళ్లుగా నేను లూప్ అంటే గోడ కట్టడం అనుకుంటున్నాను. ఇది తడి ఇసుక మీద ముగ్గు.

అక్కడే నిలబడి ఉన్నాను, తొమ్మిదిన్నరకి అమ్మ ఫోన్. "నొప్పులు, వెంటనే రా." పరుగెత్తి బస్సు పట్టుకుని ఇంటికొచ్చాను. అందరూ సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నారు. అమ్మ పెసరట్టులో అల్లం ఎక్కువైంది, అంతే. రాత్రి ఆఖరి నలుగురు ఆర్టిస్టులూ పోయారు నాకు.

వెన్నెల_ఫ్రీమాంట్ | అదే రోజు, రాత్రి 11:15

హహహ, ఆఖరివాళ్లనే నేను కూడా రెండుసార్లూ మిస్సయ్యాను, ఒకసారి బేబీసిట్టర్, ఒకసారి ఆఫీసు సర్వర్. మెట్ల మీద పాడినందుకు కోప్పడను.

గోదారి_మృదంగం | మరుసటి రోజు, ఉదయం 6:00

ఒక్కటి అడుగుతాను. పాత పాట కరిగిపోయింది, సరే. కానీ లూప్ నిడివి మారలేదుగా? ఎనిమిదింపావు ఎనిమిదింపావే. కుంటు పోయిందని ఎలా అంటావు?

గుంటూరు_వయొలిన్ | అదే రోజు, మధ్యాహ్నం 12:30

అన్నా, ఇది నేను బస్సులో దారంతా ఆలోచించాను. నిజమే, నిడివి మారలేదు. కానీ కుంటు తెలిసేది ఎందుకు? ఎనిమిది అక్షరాల స్వరం లోపల వినపడుతుంది కాబట్టి, దాని పక్కన పావు మిగిలిపోయింది కాబట్టి. ఆ స్వరం కరిగాక సమం ఎక్కడుందో చెప్పే గుర్తు లేదు. నేను ఆ తర్వాత పాడినవన్నీ సాగదీసిన స్వరాలు, వాటికి ఎనిమిదో, ఎనిమిదింపావో పట్టింపు లేదు. తాళం వేసి పాడి ఉంటే మళ్లీ కుంటేది.

టేపుతాత | అదే రోజు, సాయంత్రం 4:15

సరిగ్గా చెప్పావు. రెండు టేప్ మెషీన్ల పద్ధతిలో కూడా వాయిస్తుండగా మెషీన్లని జరపలేరు కదా. 95 సెంటీమీటర్లంటే 95 సెంటీమీటర్లే. దానికి తగ్గట్టు ఊపిరి పీల్చుకోవడం మనిషి నేర్చుకోవాలి. ఇంకో లెక్క: చుట్టుకి 80 శాతం మిగిలితే పదో చుట్టుకి మొదటిదాంట్లో పదో వంతు మాత్రం మిగులుతుంది. చెవికి అది ఉన్నట్టూ లేనట్టూ. నీ పక్కింటి పాట అదే.

బీట్‌బాక్స్_వైజాగ్ | అదే రోజు, రాత్రి 9:00

అన్నా, ఆ ఎకోప్లెక్స్ మన దగ్గర దొరకదుగా. ఫీడ్‌బ్యాక్ కావాలంటే ఏం చేయాలి? నా బడ్జెట్ సున్నా.

టేపుతాత | అదే రోజు, రాత్రి 9:40

సూపర్‌లూపర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. లినక్స్‌లో, మ్యాక్‌లో నడుస్తుంది. ఎకోప్లెక్స్ పద్ధతిలోనే చేశారు, ఫీడ్‌బ్యాక్ గీత ఉంటుంది, మల్టిప్లై కూడా ఉంది. మల్టిప్లై అంటే చిన్న లూప్‌ని రెండింతలో నాలుగింతలో చేసి దాని మీద పొడుగాటి పాట పెట్టడం. ఆది తాళం ఒక ఆవర్తనం వేసుకుని నాలుగు ఆవర్తనాల పల్లవి పాడుకోవచ్చు. పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసి నేను వాడుతున్నాను. మా మనవడు వేసిచ్చాడు. సౌండ్‌కార్డు మంచిది లేకపోతే పాడినదానికీ వినపడేదానికీ మధ్య ఎడం వస్తుంది, అది చూసుకో.

గోదారి_మృదంగం | మరుసటి రోజు, ఉదయం 5:50

రాత్రి మా అబ్బాయి ఫోన్‌లో మిశ్రచాపు సొల్లు (నోటితో చెప్పే మృదంగం జతి) ఒకటి రికార్డు చేసి తిప్పించాను. దాని మీద ఆదిలో మృదంగం వాయించాను. 56 దగ్గర పడింది. రెండోసారి పడలేదు, నాదే తప్పు, నేను పరుగెత్తాను. మెషీన్ పరుగెత్తలేదు. ఇదేదో కొంచెం ఇబ్బందిగానే ఉంది నాకు.

నా అభిప్రాయం మార్చుకోలేదు. ఊరికే చెబుతున్నాను.

బీట్‌బాక్స్_వైజాగ్ | మరుసటి రోజు, ఉదయం 8:10

స్క్రీన్‌షాట్ తీసుకున్నాను అన్నా.

గుంటూరు_వయొలిన్ | నవంబరు 6, గుంటూరు నుంచి

అక్కకి అమ్మాయి. తల్లీబిడ్డ క్షేమం. అమ్మ ఇంకో నాలుగు నెలలు అక్కడే. నేను నిన్న దిగాను. ఆర్‌సీ-1 అక్కవాళ్లింట్లోనే వదిలేసి వచ్చాను. అక్క జోల పాడి తిప్పి వదిలేస్తే పాప కాసేపు ఊరుకుంటోందట. బావ మాత్రం తన కోసం కొత్త పాట వేయమంటున్నాడట, ఉన్న పాట ఇప్పటికి రెండొందలసార్లు విన్నాడు.

టేపుతాత మాస్టారూ, మీ లినక్స్ లాప్‌టాప్ ఒకసారి చూడాలి. విజయవాడ ఎప్పుడు రమ్మంటారు?

టేపుతాత | నవంబరు 6, రాత్రి 8:20

ఏ ఆదివారమైనా రా. పొద్దున పది తర్వాత. వయొలిన్ తెచ్చుకో. వైర్లు నా దగ్గర బోలెడున్నాయి.

గోదారి_మృదంగం | నవంబరు 6, రాత్రి 8:35

ఆదివారం అంటే ఏ ఆదివారం? నాకు పదహారున కచేరీ ఉంది. దాని తర్వాతదైతే నేను కూడా వస్తాను. మృదంగం మోయలేను, కంజీర తెస్తాను. 5, 7 కాదు, 7, 9 వేద్దాం. 63.

టేపుతాత | నవంబరు 6, రాత్రి 8:50

సరే. భోజనానికి ఎంతమందో శనివారం లోపల చెప్పండి.